నడిచి చదవవలసిన శిల: డార్ట్‌మూర్‌లో టెడ్ హ్యూస్ స్మారకఫలకం

వ్యాససంగ్రహం

ఆంగ్లకవి టెడ్ హ్యూస్ (1930–1998) పేర నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్ ఉన్నతభూమి మీద ఒక గ్రానైట్ ఫలకం ఉంది. దానికి దారి లేదు, సూచిక లేదు. ఫలకం మీది లేఖనాన్ని, అది ఉన్న స్థలాన్ని, అక్కడికి చేర్చే నడకను ఒకే పాఠంగా పరిగణించి ఈ వ్యాసం వివరిస్తుంది. హ్యూస్ రచనపై వీరశైవ వచనాల ప్రభావం ఉన్నందువల్ల, స్థావర-జంగమ భావన ఈ పఠనానికి ఎంతవరకు ఉపకరిస్తుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టెడ్ హ్యూస్, డార్ట్‌మూర్, స్మారకశిల, నదీమూలం, వచనకవిత్వం, స్థావరం, జంగమం.

1. ఉపోద్ఘాతం

కవుల స్మారకాలు సాధారణంగా జనసంచారం ఉన్నచోట వెలుస్తాయి. కూడలిలో విగ్రహం, పుట్టిన ఇంటి గోడకు పలక, ఊరి గ్రంథాలయానికి పేరు. చూసేవారు వాటిని వెతుక్కుంటూ పోనక్కరలేదు, అవే ఎదురుపడతాయి. హ్యూస్‌కు అలాంటి స్మారకం కూడా ఉంది. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, 'కవుల మూల'గా ప్రసిద్ధమైన భాగంలో, టి.ఎస్. ఎలియట్ ఫలకానికి దిగువన ఆయన ఫలకాన్ని 2011 డిసెంబరు 6న ఐరిష్ కవి షేమస్ హీనీ ఆవిష్కరించారు. ఆబీకి వచ్చే యాత్రికుల్లో హ్యూస్ పేరు ఎన్నడూ విననివారు సైతం ఆ రాతి పక్కనుంచే నడిచిపోతారు.

అంతకు పదేళ్ల ముందే, 2001లో, మరొక రాయి హెలికాప్టర్ మీద డార్ట్‌మూర్ నడిబొడ్డుకు చేరింది. అది ఎక్కడ ఉన్నదీ కొంతకాలం బహిరంగం కాలేదు. కొండల్లో నడిచే అలవాటున్నవారి ద్వారా క్రమంగా తెలిసింది. నేటికీ దాన్ని చూడాలంటే పటం, దిక్సూచి, ఒక పగలంతా తీరిక కావాలి. ఒకే కవికి ఇంత భిన్నమైన రెండు శిలలు ఉండటమే ఈ పరిశీలనకు ప్రేరణ.

హ్యూస్ యార్క్‌షైర్‌లోని మైథమ్‌రాయిడ్‌లో 1930 ఆగస్టు 17న జన్మించారు. తొలి సంపుటి 'ద హాక్ ఇన్ ద రెయిన్' 1957లో వెలువడింది. 1961లో భార్య, అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్‌తో కలిసి డెవన్ ప్రాంతంలోని నార్త్ టాటన్ అనే చిన్న ఊళ్లో ఇల్లు కొన్నారు. 1984 నుంచి మరణపర్యంతం బ్రిటన్ ఆస్థానకవిగా ఉన్నారు. 1998 అక్టోబరు 28న కన్నుమూశారు. మన కళాశాలల ఆంగ్లసాహిత్య తరగతుల్లో ఆయన ప్రధానంగా జంతువుల కవిగా పరిచయం. నదుల కవిగా తెలిసినవారు తక్కువ. ఈ స్మారకశిల అర్థం కావాలంటే ఆ రెండో పరిచయమే ముఖ్యం.

2. 'మూర్' అనే మాట

'మూర్' అన్న పదానికి తెలుగులో సరైన మాట లేదు. అనువాదాల్లో 'బీడు', 'బంజరు', 'పచ్చికబయలు' అన్నవి కనిపిస్తాయి. మూడూ పాఠకుణ్ణి పక్కదారి పట్టించేవే. బీడు అనగానే తెలుగువారి మనసులో మెదిలేది ఎండిన నేల, దున్నక వదిలేసిన నేల. మూర్ లక్షణం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ సాగు లేకపోవడానికి ఒక ప్రధానకారణం నీటి కొరత కాదు, నీటి ఆధిక్యం. డార్ట్‌మూర్ ఎత్తైన భాగాల్లో ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. హైదరాబాదు వార్షిక వర్షపాతానికి ఇది రెండింతలు మించిన మొత్తం. అడుగున గ్రానైట్ ఉండటంవల్ల నీరు లోతుకు ఇంకదు. చలికి, తడికి, ఆమ్లగుణానికి గడ్డి, నాచు పూర్తిగా కుళ్లవు. సగం కుళ్లిన ఆ పదార్థం వేల ఏళ్లుగా పొరలుపొరలుగా పేరుకొని 'పీట్' అనే నల్లని మెత్తని నేలగా మారింది. దాన్ని నీరు తాగిన స్పంజితో పోల్చవచ్చు.

కనుక 'మూర్'ను మూర్‌గానే ఉంచి, తొలి ప్రయోగంలో ఒక వాక్యం వివరణ ఇవ్వడం మేలు. 'వదరింగ్ హైట్స్' మొదలుకొని డార్ట్‌మూర్ నేపథ్యంగా నడిచే కోనన్ డోయల్ 'ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్' వరకు, ఈ ఒక్క పదాన్ని పొరపాటుగా గ్రహిస్తే కథాస్థలం మొత్తం తారుమారవుతుంది. డోయల్ నవలలో మనిషిని మింగే ఊబి భయోత్పాతం కోసం పెంచి చెప్పినదే. అయినా దానికి ఆధారమైన నేల మాత్రం వాస్తవం.

హ్యూస్‌కు ఇది రెండో మూర్. ఆయన బాల్యం పెన్నైన్ కొండల మూర్‌ల నీడలో, కాల్డర్ లోయలో గడిచింది. ఆ ప్రాంతం గురించి ఫే గాడ్విన్ ఛాయాచిత్రాలతో కలిపి 1979లో 'రిమెయిన్స్ ఆఫ్ ఎల్మెట్' ప్రచురించారు. అయినా తన పేరున్న రాయి కోసం పుట్టినచోటి మూర్‌ను కాక, జీవితంలో ఎక్కువకాలం గడిపిన డెవన్ మూర్‌ను ఎంచుకున్నారు.

3. నాలుగు నదుల నడుమ

టా, డార్ట్, టైన్, ఈస్ట్ ఓక్‌మెంట్ అనే నాలుగు నదుల మూలాల మధ్య ఒక పొడవైన గ్రానైట్ పలక మీద తన పేరు ఉండాలన్నది హ్యూస్ కోరిక. ఆ కోరికను అలాగే నెరవేర్చారు. రాయి ఉన్నచోటుకు కొద్ది దూరంలోనే టా నది పుడుతుంది. అది ఉత్తరంగా పారి, ఆయన నివసించిన నార్త్ టాటన్ మీదుగా బ్రిస్టల్ చానల్ చేరుతుంది. ఊరి పేరులోని 'టా' ఆ నదిదే. ఓక్‌మెంట్ నీరు కూడా చివరికి ఉత్తరతీరానికే వెళుతుంది. డార్ట్, టైన్ నదులు దక్షిణ, ఆగ్నేయ దిశలకు తిరిగి ఇంగ్లిష్ చానల్‌లో కలుస్తాయి. అంటే ఇది జలవిభాజకం. కొద్దిపాటి ఎడంతో పడిన రెండు వానచినుకులు రెండు వేర్వేరు సముద్రభాగాలకు చేరే చోటు.

తెలుగు పాఠకుడికి నదీమూలం అనగానే త్ర్యంబకం, మహాబలేశ్వరం వంటి తీర్థాలు గుర్తుకు వస్తాయి. అక్కడ గుడి ఉంటుంది, గోముఖం ఉంటుంది, నది ఇక్కడే పుట్టిందని వేలెత్తి చూపే స్థానం ఉంటుంది. డార్ట్‌మూర్‌లో అలాంటి బిందువు దొరకదు. పీట్ పొరల్లోంచి నీరు ఊరుతుంది, గడ్డిదుబ్బుల మధ్య చెమ్మగా కదులుతుంది, ఎక్కడో ఒకచోట చప్పుడు వినబడుతుంది. అప్పటికి అది వాగు. పటంలో 'టా హెడ్' అని రాసినా నేలమీద ఆ గీత కనిపించదు.

హ్యూస్ చిన్ననాటి నుంచి చేపలు పట్టినవారు. 1983లో వెలువడిన 'రివర్' సంపుటి ఆ అనుభవసారం. డెవన్ నదుల కాలుష్యాన్ని, సాల్మన్ చేపల క్షీణతను ఎదిరిస్తూ ఆయన చేసిన కృషి కూడా తెలిసినదే. సాల్మన్ సముద్రం నుంచి ఎదురీది, తాను పుట్టిన ఎగువనీటికి చేరి, గుడ్లు పెడుతుంది. వాటిలో అధికభాగం ఆ తరవాత మరణిస్తాయి. ఈ క్రమాన్ని కవిత్వంగా మలచిన వ్యక్తి తన ఇంటి మీదుగా పారే నదికి మొదట్లో తన రాయి ఉండాలనుకోవడంలో యాదృచ్ఛికత తక్కువ. ఆయన చితాభస్మాన్ని కూడా డార్ట్‌మూర్ మీదనే చల్లారు.

అయితే ఈ నిరాడంబరతకు మరోవైపు ఉంది. డార్ట్‌మూర్ మధ్యభాగం డచీ ఆఫ్ కార్న్‌వాల్ ఆస్తి. అది ఇంగ్లండు యువరాజుకు వంశపారంపర్యంగా సంక్రమించే జాగీరు. అప్పటి యువరాజు చార్లెస్ హ్యూస్‌కు స్నేహితుడు. ఆయన అనుమతితోనే రాయి అక్కడికి వచ్చింది. 1951 నుంచి జాతీయ ఉద్యానవనంగా రక్షణ పొందుతున్న నేల మీద మరొకరు తమ తండ్రి పేర ఒక రాయి నాటుకోవడం అంత సులభం కాదు. దారిలేని చోట ఒంటరిగా పడివున్నట్టు కనిపించే ఈ ఫలకం వెనుక రాజానుగ్రహం, ఒక హెలికాప్టర్ ఉన్నాయన్న సంగతిని విమర్శకుడు మరచిపోరాదు. మన శాసనాల్లో దాత పేరు, అనుమతించిన ప్రభువు పేరు రాతిమీదే ఉంటాయి. ఇక్కడ అవి రాతిమీద లేవు, రాయి అక్కడ ఉండటంలోనే ఉన్నాయి.

4. బెల్‌స్టోన్ నుంచి నడక

ఉత్తరం వైపు బెల్‌స్టోన్ గ్రామం నుంచి బయలుదేరితే రాయి వరకు సుమారు 8 కిలోమీటర్లు. రావడానికి మరో 8. టా నదిని ఎడమ చేతికో కుడి చేతికో పెట్టుకొని ఎగువకు నడవడమే పద్ధతి. మొదట టా మార్ష్ అనే విశాలమైన తడినేల వస్తుంది. తరవాత స్టీపర్టన్ టార్ పక్కన లోయ ఇరుకవుతుంది. 'టార్' అంటే కొండనెత్తిన బయటపడిన గ్రానైట్ బండల గుట్ట. ఆపైన పాడుపడిన తగరపు గని ఆనవాళ్లు తగులుతాయి. అంతవరకు ఏదో ఒక బాట కాలికి ఆనుతుంది.

కష్టం ఆ తరవాత మొదలవుతుంది. మొలీనియా గడ్డి దుబ్బులుదుబ్బులుగా మోకాలి ఎత్తున పెరిగి, దుబ్బుకూ దుబ్బుకూ మధ్య నీటిగుంటను దాచిపెడుతుంది. కాలు దుబ్బు మీద వేస్తే మడమ తిరుగుతుంది, మధ్యలో వేస్తే దిగబడుతుంది. దూదిపింజల్లాంటి తెల్లని పూత ఉన్న గడ్డి కనిపిస్తే అక్కడ నేల మరీ మెత్తన అని అనుభవజ్ఞులు పక్కకు తప్పుకుంటారు. మంచు కమ్మితే దూరపు గుర్తులన్నీ మాయమవుతాయి. అప్పుడు దిక్సూచి చూపిన దిశలో అడుగులు లెక్కపెట్టుకుంటూ సాగడం తప్ప మార్గం లేదు. పీట్‌లో వర్షపు నీరు కోసిన గండ్లు మనిషి ఎత్తుకు కూడా ఉంటాయి. ఒక గండిలోకి దిగి ఎక్కేసరికి దిశ తప్పడం మామూలే.

వీటికి తోడు ఇది సైనికశిక్షణ క్షేత్రం కూడా. ఓక్‌హాంప్టన్ కాల్పుల పరిధి ఈ ప్రాంతాన్ని ఆవరించి ఉంది. కాల్పులు జరిగే రోజుల్లో ఎత్తైన స్థానాల్లో ఎర్రజెండా ఎగరేస్తారు, ప్రవేశం ఉండదు. రాయికి దగ్గరలోని 603 మీటర్ల హ్యాంగింగ్‌స్టోన్ హిల్ మీద అలాంటి జెండా కొయ్య ఉంది. కాల్పులు లేని రోజుల్లో మాత్రం డార్ట్‌మూర్ ఉమ్మడిభూముల మీద కాలినడకన తిరిగే హక్కు 1985 చట్టం ద్వారా ప్రజలందరికీ ఉంది. ప్రకృతికవి స్మారకానికి వెళ్లే యాత్రికుడు ముందుగా సైనిక కాల్పుల సమయసూచిక చూసుకోవాలి. తొలి ప్రపంచయుద్ధపు నీడను జీవితమంతా కవిత్వంలో మోసిన హ్యూస్‌కు ఈ పొరుగు అసహజమనిపించి ఉండదు. ఆయన తండ్రి గాలిపోలి యుద్ధంలో బతికి బయటపడిన సైనికుడు.

రాయి దూరం నుంచి కనిపించదు. నిలువుగా నాటిన స్తంభమైతే ఆకాశానికెదురుగా తెలిసేది. ఇది నేలకు ఆని ఉన్న పలక. డార్ట్‌మూర్ అంతటా టార్‌ల కింద చెదిరిపడిన వేలాది గ్రానైట్ బండల రంగే దీని రంగు. దగ్గరకు వెళ్లి, వంగి చూసినప్పుడే అది లేఖనమని తెలుస్తుంది.

5. లేఖనం

ఫలకం మీద ఉన్నవి మూడు అంశాలే. 'టెడ్ హ్యూస్' అన్న పేరు, 'ఓ.ఎం.' అన్న బిరుదాక్షరాలు, 1930, 1998 అన్న సంవత్సరాలు. 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' అనే ఆ గౌరవం ఏకకాలంలో 24 మందికి మించి ఉండదు. హ్యూస్‌కు అది మరణించిన ఏడాదే లభించింది.

ఇందులో 'కవి' అన్న మాట లేదు. ఆస్థానకవి అన్న పదవి లేదు. కవితాపంక్తి కూడా లేదు. వెస్ట్‌మినిస్టర్ ఫలకం మీద 'రివర్' సంపుటిలోని 'దట్ మార్నింగ్' అనే కవిత నుంచి తీసుకున్న పంక్తులున్నాయి. ఎవరికీ తెలియనివాడికి కూడా ఈయన కవి అని చెప్పవలసిన అవసరం ఆబీలో ఉంది కనుక అది సబబే. డార్ట్‌మూర్ ఫలకానికి ఆ అవసరం లేదు. అన్ని గంటలు తడిలో నడిచి వచ్చినవాడు ఆయన ఎవరో తెలిసే వస్తాడు. తెలియక తారసపడినవాడికి అది కేవలం ఒక మనిషి పేరు. పాఠకుడి అర్హతను ముందే నిర్ణయించుకున్న లేఖనమిది. 'ఓ.ఎం.' అన్న రెండక్షరాలు మాత్రం ఈ పొదుపులో ఇమడవు. పేరూ కాలమూ మాత్రమే మిగిలిన చోట రాజసభ వాసన వాటితో వచ్చింది. తీసేస్తే ఫలకానికి లోపమేమీ ఉండేది కాదు.

6. హెప్టన్‌స్టాల్ సమాధి

ఇంత మారుమూల స్థలం ఎందుకన్న ప్రశ్నకు నదుల మీది ప్రేమ ఒక్కటే సమాధానమనుకుంటే, మరొక రాతి చరిత్రను విస్మరించినట్టవుతుంది. సిల్వియా ప్లాత్ 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి దంపతులు విడిగా ఉంటున్నారు. ఆమెను హ్యూస్ పుట్టినచోటికి దగ్గరలోని హెప్టన్‌స్టాల్ గ్రామ శ్మశానంలో ఖననం చేశారు. సమాధిశిల మీద 'సిల్వియా ప్లాత్ హ్యూస్' అని చెక్కించారు. ఆమె మరణానికి హ్యూస్‌ను బాధ్యుణ్ణిగా భావించినవారు 'హ్యూస్' అన్న అక్షరాలను పలుమార్లు చెక్కివేశారు. రాయిని మరమ్మతుకు తీసిన రోజుల్లో సమాధికి గుర్తే లేకుండా పోయిందన్న ఆరోపణ వచ్చింది. 1989లో బ్రిటిష్ పత్రికల్లో దీనిపై ఉత్తరప్రత్యుత్తరాలు సాగాయి. హ్యూస్ స్వయంగా బదులు రాశారు.

ఆ సమాధిశిల మీది వాక్యం గురించి ఒక మాట. భగవద్గీతలోనిదని చాలాచోట్ల రాస్తారు. నిజానికి అది చీనా నవల 'పశ్చిమయాత్ర' ఆంగ్లానువాదం నుంచి వచ్చింది. మన పరిశోధకులు కూడా గీతావాక్యమని ఉటంకించే ప్రమాదం ఉంది కనుక ఇది గమనార్హం.

తన ఇంటిపేరును రాతిమీద చెక్కించి, దాన్ని అపరిచితులు ఉలితో తొలగించడం చూసిన వ్యక్తి హ్యూస్. హెప్టన్‌స్టాల్ సమాధికి బస్సు దిగి నడిచిపోవచ్చు. పూలు పెట్టేవారూ ఉలి పట్టేవారూ ఒకే దారిన వచ్చారు. డార్ట్‌మూర్ రాయికి చేరాలంటే ఉలిని కూడా 8 కిలోమీటర్లు ఊబినేలలో మోయాలి. దూరం ఇక్కడ కంచెలా పనిచేస్తుంది. ఇది ఆయన అపరాధానికి నిదర్శనమని ఒక పక్షం, అన్యాయంగా వేటాడబడినవాడి విశ్రాంతి అని మరో పక్షం చదవవచ్చు. స్థలం రెండు పఠనాలనూ మోస్తుంది. స్త్రీవాద విమర్శ లేవనెత్తిన ప్రశ్నలు ఈ రాయి చుట్టూ ఉన్న ప్రశాంతతవల్ల పరిష్కారం కావు.

7. స్థావరం, జంగమం

హ్యూస్‌కు దక్షిణభారత సాహిత్యంతో ఉన్న నిజమైన సంబంధం ఒకటి ఉంది. ఎ.కె. రామానుజన్ 1973లో 'స్పీకింగ్ ఆఫ్ శివ' పేర బసవన్న, దేవర దాసిమయ్య, అక్కమహాదేవి, అల్లమప్రభుల కన్నడ వచనాలను ఆంగ్లంలోకి అనువదించారు. హ్యూస్ వాటిని చదివి, ఆ పద్ధతిలో తానూ రాయడం మొదలుపెట్టారు. 1977 నాటి 'గాడెటీ' కావ్యం చివర ఉన్న చిన్న కవితలు ఆ సాధన ఫలితం. శివుడి స్థానంలో పేరులేని ఒక స్త్రీదేవతను సంబోధించడం హ్యూస్ చేసిన ముఖ్యమైన మార్పు.

ఆ వచనాలు నాటుకున్న భావనల్లో స్థావర-జంగమ భేదం ప్రధానం. కట్టినది, నిలిచినది స్థావరం. కదిలేది, తిరిగేది జంగమం. బసవన్న దృష్టిలో రాతిగుడి కన్న నడిచే భక్తుడి దేహం గొప్పది. రామానుజన్ తన పీఠికలో ఈ భేదాన్ని విస్తారంగా చర్చించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం చదువుకున్న తెలుగు పరిశోధకులకు ఇది కొత్త కాదు. జంగముడికి పెట్టిన అన్నం లింగానికి పెట్టిన నైవేద్యం కన్న మిన్న కావడం అందులోని కథలకు ప్రాణం.

ఈ వెలుగులో డార్ట్‌మూర్ ఫలకం ఒక వైరుధ్యంగా కనబడుతుంది. రాయి స్థావరం. కాని చుట్టూ ఉన్నదంతా జంగమం: నాలుగు దిక్కులకు కదిలిపోయే నీళ్లు, ఎగువకు ఈదే చేపలు, కాలినడకన వచ్చే పాఠకుడు. బసవన్న వచనాల అంకితం 'కూడలసంగమదేవ'. కృష్ణా, మలప్రభల సంగమంలో వెలసిన దేవుడు ఆయన. రామానుజన్ ఆ పేరును నదులు కలిసేచోటి ప్రభువు అన్న అర్థం వచ్చేలా అనువదించారు. హ్యూస్ చదివింది నదులు కలిసే చోటి దైవం గురించి, తన పేరు పెట్టమన్నది నదులు విడిపోయే చోట. వచనాలు చదివినందువల్లనే ఆ చోటు ఎంచుకున్నారనడం అతివ్యాప్తి. నదులతో ఆయన అనుబంధం ఆ పఠనానికి చాలా ముందుది. అయితే స్మారకం విలువ రాతిలో కన్న దాని దాకా నడిచే దేహంలో ఉందన్న ఆలోచన ఆయనకు అపరిచితం కాదని మాత్రం నిస్సంశయంగా చెప్పవచ్చు.

8. ఇరుగుపొరుగు గుర్తులు

ఆ ఎత్తుల మీద హ్యూస్ రాయి ఒంటరిది కాదు. రెండు కిలోమీటర్ల లోపే ఉన్న వైట్‌హార్స్ హిల్ మీద పీట్ దిబ్బలోంచి ఒక చిన్న రాతిపెట్టె బయటపడింది. 2011లో పురాతత్త్వవేత్తలు దాన్ని తెరిచి పరిశీలించారు. సుమారు 3700 ఏళ్లనాటి కంచుయుగపు సమాధి అది. దహనమైన యువప్రాయపు మనిషి అవశేషాలు, ఎలుగుబంటి చర్మం, అల్లిన బుట్ట, తృణకాంతమణి పూసలు, తగరపు పూసలు అందులో లభించాయి. గాలి సోకని పీట్ వల్ల బుట్ట అల్లిక కూడా చెదరలేదు. పేరు మాత్రం లేదు.

ఇదే ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దారంభంలో ఫ్రాంక్ ఫిల్‌పాట్స్ అనే వ్యక్తి పశువులూ గుర్రాలూ దిగబడకుండా పీట్‌ను గట్టినేల దాకా తవ్వించి ఇరుకు దారులు తీశారు. ఆయన 1909లో మరణించాక కుటుంబీకులు ఆ దారుల మొదట్లో చిన్న రాతికంబాలు నాటించి, వాటికి ఫలకాలు బిగించారు. ఫలకం చదివినవాడు ఆ దారినే నడిచి ముందుకు పోతాడు. స్మారకం, ఉపయోగం విడదీయరానివిగా ఉన్న ఉదాహరణ అది.

హ్యూస్ రాయికి నైరుతిగా కిలోమీటరుకు కొంచెం పైన క్రాన్‌మియర్ పూల్ ఉంది. పేరుకు కొలనే గాని ఎప్పుడో నీరింకిన పల్లం. 1854లో జేమ్స్ పెరట్ అనే దారిచూపరి అక్కడొక గాజుసీసా పెట్టారు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరున్న చీటీ అందులో వేసి వెళ్లేవారు. తరవాత సీసా స్థానంలో సందర్శకుల పుస్తకం, దానికి ఒక రాతిగూడు వచ్చాయి. డార్ట్‌మూర్ అంతటా నేడు వినోదంగా సాగుతున్న 'లెటర్‌బాక్సింగ్' అలా మొదలైంది. చాలామంది ఒకే రోజు రెండు చోట్లూ చూసి వస్తారు. క్రాన్‌మియర్‌లో పుస్తకం తెరిచి, తడిచేతులు తుడుచుకొని, తమ పేరు రాసుకుంటారు. హ్యూస్ రాయి దగ్గర పుస్తకం లేదు, పెట్టె లేదు. వంగి మూడు అంశాలు చదివాక, వెలుగు ఉండగానే టా నీటి చప్పుడును పట్టుకొని బెల్‌స్టోన్ వైపు దిగడమే మిగులుతుంది.